లెక్కపెట్టినందుకు నెలకు తొమ్మిది వేలా?

మాస్టారూ, ఒక్క మాట: వ్యాయామం మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకటే గోల. పర్సనల్ ట్రైనర్‌ని పెట్టుకోవాలా, అంత డబ్బు పెట్టడం దండగా? జిమ్ భాషలో దీన్ని పీటీ అంటారు. మా తరానికి పీటీ అంటే స్కూల్లో ఎండలో చేయించే డ్రిల్లు. చేయించే మాస్టారికి జీతం సర్కారు ఇచ్చేది. ఇప్పుడు మనమే ఇచ్చుకోవాలి. మోకాళ్ల నొప్పులవాళ్లు, పొట్ట తగ్గాలనేవాళ్లు ఏమీ అనుకోకండి, మీ సంగతి వచ్చే నెల. ఈసారికి ఈ నాలుగు ఉత్తరాలే.

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. నాకు 41 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటాం, బ్యాంకులో ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, రెండూ ఆపరేషన్ కాన్పులే. షుగర్ బోర్డర్‌లో ఉంది, నడకతో పాటు బరువులు ఎత్తే వ్యాయామం కూడా మొదలుపెట్టమని డాక్టరమ్మ చెప్పారు. ఇంటి దగ్గర జిమ్‌లో అడిగితే ఏడాది ఫీజు 18,000, అది కాక పర్సనల్ ట్రైనింగ్‌కి మూడు నెలలకు 36 సెషన్లు, 27,000 అన్నారు. ఈ రోజు కడితేనే ఆ రేటట, లేదంటే నెలకు 12 సెషన్లు 12,000. మావారేమో 'యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి, పక్కన నిలబడి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టినందుకు నెలకు తొమ్మిది వేలా' అంటున్నారు. మా అత్తగారు ఇల్లు తుడుచుకుంటే చాలదా అంటారు. రెండేళ్ల క్రితం వేరే జిమ్‌లో ఏడాదికి కట్టి 19 రోజులు వెళ్లాను. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. ఏం చెయ్యమంటారు?
(పేరు వద్దు, మియాపూర్)

జవాబు: అమ్మా, ముందుగా మీవారి మాట ఒప్పుకుంటాను. లెక్కపెట్టడానికే అయితే తొమ్మిది వేలు కాదు, తొమ్మిది రూపాయలైనా దండగే. ఒకటి నుంచి పదిహేను దాకా అంకెలు మీకూ వచ్చు, అందులోనూ బ్యాంకులో పని చేస్తున్నారు.

ఆయన చూసింది లెక్కపెట్టే ట్రైనర్లనే అయ్యుంటుంది. అలాంటివాళ్ల సంగతి నాకు బాగా తెలుసు, మొదటి రెండేళ్లూ నేనూ అదే బాపతు. మాది శ్రీకాకుళం జిల్లా. ఊరి వ్యాయామశాలలో దండీలు, బస్కీలు తీసి ఒళ్లు పెంచుకుని హైదరాబాద్ వచ్చి ఒక జిమ్‌లో చేరాను. ఒళ్లుంది కాబట్టి ట్రైనర్‌ని చేసేశారు. నేర్పడం వేరే విద్య అని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ఆ రోజుల్లో యాభై రెండేళ్ల ఇన్సూరెన్స్ ఏజెంట్ ఒకాయన మూడు నెలలకు ముందే డబ్బు కట్టి నా దగ్గరకు వచ్చారు. మొదటి రోజే నా ప్రతాపం చూపించాలి కదా. లెగ్ ప్రెస్ (మెషీన్ మీద కాళ్లతో బరువు తొయ్యడం) నాలుగు సెట్లు, స్క్వాట్లు (గుంజీల్లా కూర్చుని లేవడం) నాలుగు సెట్లు, 'ఇంకొక్కటి సార్, లాస్ట్ ఒక్కటి సార్' అంటూ చేయించాను. ఆయన పాపం నవ్వుతూనే చేశారు. మర్నాటి నుంచి నాలుగు రోజులు మెట్లు దిగలేకపోయారట. బాత్రూంలో కూర్చుంటే లేవడానికి భార్య చెయ్యి పట్టుకోవాల్సి వచ్చిందట. అయిదో రోజు ఆవిడే జిమ్‌కి వచ్చి మిగతా డబ్బు ఇచ్చెయ్యమని అడిగారు. మేనేజర్ 'నో రిఫండ్' అని రాసున్న కాగితం చూపించాడు. నేను పక్కనే డంబెల్స్ సర్దుతున్నట్టు నటించాను. ఆవిడ నన్నొకసారి చూసి వెళ్లిపోయారు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఒళ్లు నొప్పులు మామూలే. మర్నాడు మొదలై, ఆ తర్వాతి రోజుకు బాగా తెలిసి, నెమ్మదిగా పోతాయి. కూర్చున్నవాళ్లు లేవలేనంత నొప్పి పుట్టించడం మాత్రం ట్రైనర్ గొప్పతనం కాదు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. అలవాటు లేని వ్యాయామం విపరీతంగా చేశాక మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది కండరం చితికి కిడ్నీల మీద పడుతున్న గుర్తు. రేపు చూద్దామనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి.

మరి డబ్బు దేనికివ్వాలి? నా దగ్గరకు ఒక టీచరమ్మ వచ్చేవారు. ఇంట్లో 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తినప్పుడల్లా ఆవిడకు నడుం పట్టేసేది. ఎలా వంగాలో వీడియోలు చూసి కంఠతా పట్టారు. 'వీపు నిటారుగా ఉంచాలి, నాకు తెలుసు మాస్టారూ' అనేవారు. తెలుసు, కాదనను. కానీ వంగితే వీపు విల్లయిపోయేది, ఆవిడ మాత్రం నిటారుగానే ఉందనుకునేవారు. ఒకరోజు జిమ్ తుడిచే అబ్బాయి దగ్గర మాప్ కర్ర తీసుకుని ఆవిడ వీపు మీద నిలువునా ఆనించాను. తల వెనక, రెండు రెక్కల మధ్య, నడుం అడుగున తోక ఎముక దగ్గర, మూడుచోట్లా కర్ర తగులుతూ ఉండాలి. 'రెండు చేతుల్లోనూ సామాన్లున్నప్పుడు ఫ్రిజ్ తలుపు వెనక్కి నెట్టి మూస్తారు చూడండి, అలా పిరుదుల్ని వెనక్కి నెడుతూ వంగండి' అన్నాను. మొదటిసారి కర్ర తల దగ్గర లేచిపోయింది. రెండోసారి నడుం దగ్గర. ఏడోసారో ఎనిమిదోసారో మూడుచోట్లా అంటుకుని ఉండిపోయింది. ఆవిడ అలాగే వంగి ఉండి 'ఓహో, ఇదా!' అన్నారు.

ఆ 'ఇదా' కోసం అమ్మా, డబ్బు. వీడియోని మీరు చూస్తారు, వీడియో మిమ్మల్ని చూడదు. మా ఆమదాలవలస వైపు నుంచి వెళ్లి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన కరణం మల్లేశ్వరికి కూడా కోచ్ ఉన్నారు. ఎత్తడం రాక కాదు కదా. ఎవరి వీపు వాళ్లకు కనపడదు.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. 27,000 బై 36, సెషన్‌కి 750. చవకే అనిపిస్తుంది. మీ పాత రికార్డు ప్రకారం 19 రోజులే వెళ్లారనుకోండి, ఒక్కోటి 1,420 దాటుతుంది. అయినా మీకు 36 అక్కర్లేదు. ఆరోగ్యం కోసం వ్యాయామం చేసే మనిషి నేర్చుకోవాల్సిన కదలికలు అయిదే: కూర్చుని లేవడం, వంగి ఎత్తడం, తొయ్యడం, లాగడం, బరువు మోస్తూ నడవడం. జిమ్‌లో ఉన్న నలభై మెషీన్లూ ఈ అయిదింటి పిల్లలే. వీటిని చక్కగా చెయ్యడం నేర్చుకోవడానికి పది పన్నెండు సెషన్లు చాలు. కాబట్టి మీరు 12,000 కట్టి 12 సెషన్లు తీసుకోండి. అయితే నెలలో అయిపోవాలన్న షరతు లేకుండా చూసుకోండి. మొదటి నెల వారానికి రెండు చొప్పున ఎనిమిది. తర్వాత రెండు నెలలూ పదిహేను రోజులకొకటి, అది తనిఖీకి. మధ్యలో మీ అంతట మీరే చెయ్యాలి. కారు నేర్చుకోవడానికి డ్రైవింగ్ స్కూల్‌కి కడతాం కానీ జన్మంతా పక్క సీట్లో ఆయన్ని కూర్చోబెట్టుకోం కదా.

వారానికి ఎన్ని రోజులని అడుగుతారేమో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది, వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటిది, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు పని. రెండు రోజులంటే మీరు చెయ్యగలరు. షుగర్ విషయంలో డాక్టరమ్మ చెప్పింది సరైన మాట. మనం తిన్న అన్నం నుంచి వచ్చే గ్లూకోజ్‌లో పెద్ద వాటా వెళ్లి చేరేది కండరాల్లోకే. పని చేసే కండరం దాన్ని బాగా లాక్కుంటుంది.

'ఈ రోజు కడితేనే' అన్న రేటు గురించి. అది నెలాఖరు టార్గెట్ రేటు. నేను పనిచేసిన మూడు జిమ్‌లలోనూ ఇవాళ్టితో అయిపోయిన ఆఫర్ మళ్లీ వచ్చే నెల 28న ప్రాణం పోసుకునేది. ఉచితంగా బాడీ అసెస్‌మెంట్ చేస్తామని చెప్పులు విప్పించి ఒక మెషీన్ ఎక్కిస్తారు. 'మేడమ్, మీ వయసు 41, మీ బాడీ వయసు 53' అని కాగితం చేతిలో పెడతారు. భయపడకండి. ఆ మెషీన్ ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, వచ్చిన అడ్డును బట్టి కొవ్వు ఎంతో అంచనా కడుతుంది. రెండు గ్లాసుల నీళ్లు తాగితే, చెమట పడితే అంకె అటూ ఇటూ అవుతుంది. నెలకోసారి ఒకే వేళకు, పరగడుపున చూసుకుంటే ఎటు పోతున్నామో కొంచెం తెలుస్తుంది, అంతకుమించి దానికి విలువ లేదు. నడుం చుట్టూ టేపు పెట్టి కొలుచుకోండి. మన దేశంలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు, మగవాళ్లకు 90. టేపు పది రూపాయలు.

ట్రైనర్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన కండలు చూడకండి. ఆయన మిమ్మల్ని ఏం అడిగాడో చూడండి. ఏ మందులు వాడుతున్నారు, పాత దెబ్బలేమైనా ఉన్నాయా, ఎన్ని గంటలు నిద్రపోతారు, ఇవి అడగాలి. మీరు ప్రత్యేకంగా రెండు ఆపరేషన్ కాన్పుల సంగతి చెప్పండి. పొట్ట మధ్య కండరాలు రెండుగా విడిపోయి ఉంటే కొన్ని పొట్ట వ్యాయామాలు ముందే మొదలుపెట్టకూడదు. అది విని 'ఏం పర్లేదు మేడమ్, క్రంచెస్‌తో సెట్ అయిపోద్ది' అంటే లేచి వచ్చెయ్యండి. ఒకసారి ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకుని మొదలుపెట్టడం ఇంకా మంచిది. సర్టిఫికెట్ కూడా అడగండి, అడగడం మర్యాద తక్కువేం కాదు. మన దగ్గర ట్రైనర్ కావడానికి డాక్టర్లకు, నర్సులకు ఉన్నట్టు తప్పనిసరి రిజిస్ట్రేషన్ లేదు. ఒళ్లుంటే చాలు అన్నట్టే ఇంకా నడుస్తోంది. నన్ను తీసుకున్నట్టే.

మూడో వారంలో ఒక చిన్న పరీక్ష పెట్టండి. 'పోయిన మంగళవారం నేను ఎన్ని కిలోలు ఎత్తాను?' అని అడగండి. ఆయన పుస్తకమో ఫోనో తీసి 'గాబ్లెట్ స్క్వాట్ (బరువు గుండెల దగ్గర పట్టుకుని కూర్చుని లేవడం) 8 కిలోలు, పది చొప్పున మూడు సెట్లు, చివర్లో ఎడమ మోకాలు లోపలికి వచ్చింది' అని చెబితే, ఆయనకు ఇచ్చే ప్రతి రూపాయీ సార్థకం. 'ఎంత ఎత్తారు మేడమ్?' అని మిమ్మల్నే తిరిగి అడిగితే మీవారు గెలిచినట్టు.

డబ్బు కట్టేముందు కాగితం చదవండి. సెషన్లు ఎన్నాళ్లలో వాడుకోవాలి, మీకు ఒంట్లో బాగోకపోతే ఆపుకోవచ్చా, ట్రైనర్ మధ్యలో జిమ్ మారిపోతే మిగిలినవాటి సంగతేంటి? వాళ్లు తరచూ మారతారు, ఎందుకో కింద నాలుగో ఉత్తరంలో తెలుస్తుంది. నోటి మాట కాకుండా రాయించుకోండి. జిమ్‌ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో ఎంత వేశారో చూసుకోండి. పేచీ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఏడాది ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి. 19 రోజుల మనిషికి నెల నెలా కట్టడమే చవక, రేటు ఎక్కువైనా సరే.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇల్లు తుడవడం పనే, కాదనేవాడెవడు. కానీ చీపురు బరువు నెలనెలా పెరగదు. కండరానికి కావలసింది అదే, నిన్నటికన్నా రవ్వంత ఎక్కువ.

ప్రశ్న: మాస్టారూ, మాది గుంటూరు, నాకు 23. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే ఉద్యోగానికి పెట్టే దేహదారుఢ్య పరీక్షలకి తయారవుతున్నాను. 1600 మీటర్ల పరుగులో మూడో రౌండ్ దాటాక కాళ్లు రావడం లేదు. జిమ్ ట్రైనర్ నెలకు 6,000 ఇస్తే స్టామినా పెంచుతానన్నాడు. 3,500 పెట్టి ప్రోటీన్ డబ్బా కూడా కొనమన్నాడు. నాన్న ఆటో నడుపుతారు, అడగాలంటే మొహమాటంగా ఉంది.

జవాబు: అడగొద్దు తమ్ముడూ. పరుగు గ్రౌండ్‌లో నేర్చుకోవాలి, ఏసీ గదిలో కాదు.

నీ ఉత్తరంలోనే జబ్బు కనిపిస్తోంది. 400 మీటర్ల ట్రాక్ మీద 1600 అంటే నాలుగు రౌండ్లు. రేపు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక్కో రౌండ్‌కి ఎంత పట్టిందో రాసుకో. పందెం పెట్టి చెబుతాను, మొదటి రౌండ్ అందరికంటే ముందు పరిగెడుతున్నావు. నాలుగు రౌండ్లూ ఇంచుమించు ఒకే టైంలో రావాలి. మొదటి రౌండ్‌లో 'ఇంత నెమ్మదిగానా' అని నీకే సిగ్గనిపించేటంత తగ్గించు. వారంలో ఎక్కువ రోజులు పక్కవాడితో మాట్లాడుకుంటూ పోగలిగేంత నిదానంగా, కొంచెం ఎక్కువ దూరం పరుగెత్తు. ఒక్కరోజు మాత్రం 400 మీటర్లు గట్టిగా పరిగెత్తి, రెండు మూడు నిమిషాలు నడిచి, మళ్లీ పరిగెత్తు. అలా నాలుగైదు సార్లు. పొద్దున్నే గ్రౌండ్‌కి వచ్చే బ్యాచ్‌లో కిందటిసారి ఈవెంట్స్ దాటినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్ల పక్కన పరిగెత్తు. వాళ్లు ఫీజు అడగరు, మహా అయితే టీ అడుగుతారు.

డబ్బా గురించి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని చెప్పింది. నువ్వు 65 కిలోలుంటే 54 గ్రాములు. బాగా పరిగెత్తేవాడివి, ఇంకొంచెం ఎక్కువే వేసుకో. గుడ్డుకి ఆరు గ్రాములు, నాలుగు తింటే 24. పాలో పెరుగో పావు లీటరుకు ఎనిమిది. గుప్పెడు వేరుశనగ గుళ్లకు ఏడు. మీ అమ్మ వండే పప్పు, అన్నంలో ఉండేది వేరే. అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ఒళ్లు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడొద్దని రాసింది. ఆ డబ్బా మీద మీ ట్రైనర్‌కి కమీషన్ ఉంటుందని నేను అనను. నాకు ఉండేది, అది మాత్రం చెబుతాను. ఆ 3,500 పెట్టి మంచి రన్నింగ్ బూట్లు కొనుక్కో. మోకాలి కింద ముందు ఎముక మీద నొక్కితే నొప్పిగా ఉంటే పరుగు కొన్ని రోజులు ఆపి డాక్టర్‌కి చూపించు, పంటి బిగువున పరిగెత్తకు.

ప్రశ్న: నాకు 67. రాజమండ్రిలో హైస్కూల్ లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. బీపీ, షుగర్ ఉన్నాయి, మందులతో అదుపులోనే ఉన్నాయి. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వారానికి మూడు రోజులు ఇంటికే వచ్చే ట్రైనర్‌ని మాట్లాడాను, నెలకు 14,000 నేను పంపుతాను అంటున్నాడు. రోజూ పొద్దున గోదావరి గట్టు మీద గంట నడుస్తాను. ఈ వయసులో నాకు కండలెందుకండీ, ఆ డబ్బు పిల్లాడి దగ్గరే ఉంచుకోమంటే వినడం లేదు.

జవాబు: గురువుగారూ, ఈ నెల ఉత్తరాలన్నిటిలో ట్రైనర్ అవసరం ఎవరికి ఉందంటే మీకే. మీ అబ్బాయి పక్షానే ఓటు.

కండలు అద్దంలో చూసుకోవడానికి కాదు. పీట మీంచి లేవడానికి, బస్సు మెట్టు ఎక్కడానికి, కాలు జారినప్పుడు తమాయించుకోవడానికి. నడక గుండెకు మంచిది, మానకండి. కానీ నడక ఒక్కటే తొడల బలాన్ని నిలబెట్టదు. నమ్మకం లేకపోతే ఇప్పుడే చూసుకోండి. చేతుల్లేని కుర్చీ గోడకు ఆనించి వేసుకుని, రెండు చేతులూ గుండెల మీద కత్తెరలా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పక్కన ఎవరైనా ఉండాలి. 65 నుంచి 69 ఏళ్ల మగవాళ్లకు 12 కంటే తక్కువ వస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువున్నట్టు అమెరికా ఆరోగ్య శాఖవాళ్లు లెక్క కట్టారు. మీ అబ్బాయి ఉండేది అక్కడే కాబట్టి ఈ అంకె అతనికి కూడా పంపండి. 65 దాటినవాళ్లు వారంలో మూడు రోజులు బ్యాలెన్స్ మీద కూడా పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం దగ్గర మొదలుపెట్టొచ్చు.

అయితే ఇంటికి వచ్చే మనిషి జిమ్ కుర్రాడు కాకూడదు. ముందు మీ డాక్టర్‌ని అడగండి, అడిగేటప్పుడు కళ్ల పరీక్ష సంగతి కూడా ఎత్తండి. షుగర్ వల్ల కంటి వెనక రక్తనాళాలు బాగా దెబ్బతిని ఉంటే ఊపిరి బిగబట్టి బరువులెత్తడం ప్రమాదం. మొదటి నెల ఫిజియోథెరపిస్ట్‌తో చేసి, తర్వాత పెద్దవాళ్లతో పనిచేసిన అలవాటున్న ట్రైనర్‌కి మారండి. అతను వచ్చిన ప్రతిసారీ బీపీ చూడాలి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, షుగర్ పడిపోయే రకం మాత్రలు గానీ వాడుతుంటే జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి. అరికాళ్లు మొద్దుబారి ఉంటే చెప్పులూ బూట్లూ లేకుండా చెయ్యకూడదు. బీపీ మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని తగ్గిస్తాయి, కాబట్టి చేతి గడియారం చూపించే అంకెను పట్టుకుని 'ఇంకా పెంచండి సార్' అనేవాడు మీకు పనికిరాడు. మాట్లాడుతూ చెయ్యగలుగుతున్నారా, అది చూడాలి.

14,000 ఎక్కువేనా అంటే, ఎక్కువే. వారానికి మూడు రోజులంటే నెలకు 12 లేదా 13. అంటే ఒక్కోసారికి సుమారు 1,100. రెండు రోజులకు తగ్గించి, మూడో రోజు మీరే చేసుకోండి. ఇంకో ఉపాయం కూడా ఉంది. వీధిలో మీ ఈడువాళ్లు మరో ఇద్దరిని కలుపుకుంటే ఖర్చు మూడో వంతుకు వస్తుంది, పొద్దుటి కబుర్లు ఉచితం. లెక్కల మాస్టారు, ఈ భాగహారం మీకు నేను చెప్పాలా!

ప్రశ్న: మాస్టారూ, నేను విశాఖలో ట్రైనర్‌ని, 29 ఏళ్లు. మీరు ప్రతి నెలా పది సెషన్లు చాలు, పన్నెండు చాలు అని రాస్తుంటే మా పొట్ట కొట్టినట్టుంది. క్లయింటు 9,000 కడితే నా చేతికి వచ్చేది 3,600. పొద్దున అయిదింటికి జిమ్ తెరుస్తాను, రాత్రి పదింటికి మూస్తాను. అయిదున్నరకి రావాల్సినవాళ్లు అయిదూ ఇరవైకి 'టుడే నాట్ కమింగ్' అని మెసేజ్ పెడతారు. నేనూ కష్టపడి కోర్సు చేశాను. మీలాంటివాళ్లే మా గురించి ఇలా రాస్తే ఎలా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వందకు నలభై, నా రోజుల్లోనూ అంతే. మిగతా అరవై అద్దెకు, ఏసీకి, ఓనర్‌కి పోయేవి. క్లయింట్లు మాత్రం తొమ్మిది వేలూ నా జేబులోకే వెళ్తున్నాయనుకునేవాళ్లు, పండగకి మామూలు కూడా అడిగేవాడిని కాదు. కుర్రాళ్లు జిమ్‌ల మీద జిమ్‌లు మారేది ఇందుకే.

సమయానికి రానివాళ్ల సంగతిలో నీదే న్యాయం. ముందు రోజు రాత్రి ఎనిమిదిలోపు చెప్పకపోతే సెషన్ వాడేసినట్టే, అని మొదటి రోజే రాసి సంతకం పెట్టించుకో. ఈ కాలమ్ చదివే క్లయింట్లు కూడా వినండి. మీరు దుప్పటి లాక్కుని పడుకున్నప్పుడు ఆ కుర్రాడు బైక్ మీద అరగంట వచ్చి ఉంటాడు.

నేను రాసిన దాంట్లో ఒక లోపం ఉంది, నీ ఉత్తరం వల్లే తెలిసింది. కొంతమందికి నేర్చుకోవడం అయిపోయినా మనిషి కావాలి. ఎదురుచూసే మనిషి ఒకడున్నాడంటేనే వాళ్లు మంచం దిగుతారు. స్తోమత ఉండి, సంగతి తెలిసి, ఏళ్ల తరబడి ట్రైనర్‌ని పెట్టుకునేవాళ్లని నేను తప్పు పట్టను. మియాపూర్ అమ్మకి ఇది రాయలేదు. ఆవిడ 19 రోజుల రికార్డు చూస్తే రాయాల్సిందేమో. మూడు నెలల తర్వాత మళ్లీ జారిపోతే, వారానికి ఒక్క రోజు ట్రైనర్‌తో పెట్టుకోవడంలో తప్పు లేదమ్మా.

కానీ క్లయింటుకి నేర్పకుండా దాచుకుని ఏళ్లతరబడి కట్టించుకుందామంటే మాత్రం ఒప్పుకోను. నా టీచరమ్మ పదకొండు సెషన్లకే మానేశారు, నేనే మానమన్నాను. ఆ తర్వాత వాళ్ల స్టాఫ్ రూంలోంచి నలుగురు వచ్చారు, వాళ్ల మొగుళ్లు ఇద్దరు వచ్చారు.

నువ్వు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొను. ఫోన్‌లో రాసుకోవచ్చు కానీ, క్లయింటు ముందు పుస్తకం తెరిస్తే వచ్చే మర్యాద వేరు. ఒక్కొక్కరికి నాలుగు పేజీలు వదులు. నాది మొదటిది ఇంకా ఉంది, అట్ట ఊడిపోయింది. ఆ ఇన్సూరెన్స్ ఆయన భార్య వచ్చి వెళ్లిన సాయంత్రం కొన్న పుస్తకం అది. మొదటి నాలుగు పేజీలూ ఆయనకే వదిలాను. మొదటి దాంట్లో నేను చేయించిన ఎనిమిది సెట్లూ రాసి ఉన్నాయి, తారీఖుతో సహా. మిగతా మూడు ఖాళీ. అయిదో పేజీ నుంచి టీచరమ్మది.